పిలవని పేరంటానికి ఫిడేలుతో

పిల్లలు ఇంటర్ రెండో ఏట అడుగుపెట్టగానే ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లు ఫోన్లు మొదలుపెడతారు. మన నంబరు వాళ్లకెలా చిక్కుతుందో ఆ పరమాత్ముడికే తెలియాలి. "సార్, అమ్మాయికి సీటు అట్టేపెట్టమంటారా? క్యాంపస్ చూడ్డానికి కారు పంపిస్తాం" అంటారు. అలా అడిగిన ఒకాయనతో "మా చిట్టి సంగీతం చదువుతానంటోందండీ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత ఎంతో మెత్తగా "సారీ సార్" అని పెట్టేశాడు. మా ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకున్నట్టున్నాడు.

సంగీత కళాశాలలకు కార్లు పంపే అలవాటు లేదు. దరఖాస్తు పెట్టేముందు మనమే వెళ్లి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఊరూ వాడా చూసి రావాలి. అదీ పనిరోజుల్లోనే. సెలవుల్లో వెళ్తే తాళం మాత్రమే కనిపిస్తుంది, ఆది తాళం కాదు, గేటు తాళం.

మాది రాజమండ్రి. పైకి వెళ్తే విజయనగరం, కిందికి దిగితే విజయవాడ, తిరుపతి, మద్రాసు. మా అమ్మ తిరుపతి పక్షం. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం ఉంది, అందరూ ఆడపిల్లలే, పైగా కొండ. సీటు వచ్చినా రాకపోయినా ఆవిడ టిక్కెట్టు డబ్బులు వృథా కావు. మా బావమరిది మద్రాసు పక్షం, అదీ డిసెంబరులో అయితేనే. కచేరీల మీద ప్రేమ అనుకునేరు. సభల్లో క్యాంటీన్లు ఆ నెలలోనే తెరుస్తారు. మా ఆవిడ హాస్టల్లో ఏమేం చూడాలో జాబితా రాసింది. రైళ్ల వేళలు నా శాఖ. చిట్టి మాత్రం "పొద్దున్నే సాధకం ఎక్కడ చేసుకోవాలి నాన్నా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అంత చిన్న విషయానికి జాబితాలో చోటు దొరకలేదు.

ముందు విజయనగరం. రైల్లో పిల్లకి హుషారు కోసం కథలు మొదలెట్టాను. 1919లో విజయరామ గజపతిరాజుగారు ఆ కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వచ్చారట. ఆయన ఫిడేలు విని, ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారట. "అయితే ఫీజు కట్టక్కర్లేదన్నమాట" అంది మా ఆవిడ. ఘంటసాలగారు అక్కడ మధుకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని, చదువుకున్న సంగతి కూడా చెప్పాను. మా ఆవిడ మాట్లాడకుండా పెన్ను తీసి, జాబితాలో 'భోజనం' కింద ఇంకో గీత గట్టిగా గీసింది.

గేటు దగ్గర ఒకాయన "ఏటండీ, ఎవరికోసమండీ?" అన్నాడు. "ఎవరికోసమూ కాదండీ, చూసి పోదామని." ఆయన మా నలుగురినీ, ఫిడేలు పెట్టెనీ ఎగాదిగా చూసి, "మరైతే చూడండి" అని బెంచీ చూపించాడు. ఒక గదిలోంచి కల్యాణి, ఇంకో గదిలోంచి మోహన, వాటి మధ్యన మృదంగం. పప్పూ పాయసమూ ఒకే విస్తట్లో కలిసినట్టుంది నాకు. చిట్టి కళ్లు మూసుకుని, దేనికది వేరుచేసుకుని వింటోంది. ఇంతకన్నా మంచి ప్రవేశపరీక్ష నాకు తెలియదు. పైగా దీనికి హాల్ టిక్కెట్టు అక్కర్లేదు.

అద్దె గదుల వేట మొదలయ్యాక గాని ఆ ఒకే ఒక్క ప్రశ్న బరువు తెలిసిరాలేదు. ఊరు చెప్పను గాని ఒక ఇంటాయన మా కులం, గోత్రం, కోడిగుడ్డు తింటామా లేదా అన్నీ కనుక్కుని తృప్తిపడ్డాడు. చివర్న "పాపేం చదువుతుంది?" అన్నాడు.

"ఫిడేలండీ."

"మంచిదే. ఎప్పుడు వాయిస్తుంది?"

"తెల్లారగట్ల ఐదింటికి."

ఆయన మొహంలో షడ్జమం నుంచి కిందికి స్వరాలన్నీ దిగిపోయాయి. "మృదంగం కాదు కదా అని సంతోషించండి" అంటూ ధైర్యం చెప్పబోయాడు మా బావమరిది. ఇంటావిడ లోపల్నుంచి తలుపు వేసేసింది.

విజయవాడకు ఎండ లేని రోజు చూసుకుని వెళ్దామంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా చేసిన ఆ కళాశాలకు ఇప్పుడు ఘంటసాలగారి పేరు. ఆటో దిగేసరికి ఫిడేలు శ్రుతి దిగిపోయింది. నాదీ దిగింది. తిరుపతిలో దర్శనం బాగా జరిగింది. విశ్వవిద్యాలయం కూడా చూశాం.

డిసెంబరులో మద్రాసు చేరాం. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ 1930ల నుంచీ ఉంది. మేం ఎక్కువసేపు గడిపింది మాత్రం సభల్లోనే. మధ్యాహ్నం చిన్న పిల్లల కచేరీలకు చాలాచోట్ల టిక్కెట్టు ఉండదు, క్యాంటీన్లో ఉంటుంది. మా బావమరిది రెండో దానికే మొగ్గాడు. వేదిక మీద అంతా త్యాగరాజస్వామివారి తెలుగే. బయటికొచ్చి ఆటో బేరమాడబోతే మాత్రం ఆ తెలుగు ఒక్క ముక్కా పనికిరాలేదు. చిట్టి తాళం వేస్తుంటే గమనించిన పక్కసీటు మామిగారు వచ్చీరాని తెలుగులో "ఎవరి దగ్గర నేర్చుకుంటావమ్మా?" అని అడిగింది. వెనక వరస తాతగారిదీ అదే ప్రశ్న. ఏ కాలేజీ అని గాని, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయని గాని అడిగినవాళ్లు ఆ హాల్లో లేరు. చిట్టి గురువుగారి పేరు చెప్పింది. మామిగారు తల పంకించి, తెలిసిన ఫిడేలు మాస్టార్ల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. మా ఆవిడ జాబితా వెనక్కి తిప్పి ఆ పేర్లన్నీ రాసుకుంది. మద్రాసు పేర్లే కాదు, విజయనగరంలో ఎవరి శిష్యుల్ని అడగాలో కూడా మామిగారే చెప్పింది.

ఇంటికొచ్చాక మహాసభ జరిగింది. మా అమ్మ తిరుపతికి మొక్కుకున్నానంది. మా బావమరిది మద్రాసుకు ఇంకోసారి వెళ్తే గాని తేల్చుకోలేమన్నాడు. అంతలో ఫోను మోగింది. కోడిగుడ్డు సంగతి అడిగిన ఇంటాయన.

"గది ఇంకా ఖాళీగానే ఉందండీ. ఐదింటికి కాకుండా ఏడింటికైతే మాకు అభ్యంతరం లేదు."

చిట్టి నా చేతిలోంచి ఫోను తీసుకుని "ఐదున్నర, అంకుల్" అంది.

ఆయన ఇంట్లో అడిగి చెబుతానన్నాడు.