సగం జల్లెడ

మాది నందిగామ, అత్తగారిది జగ్గయ్యపేట. పరిటాల దగ్గర కంకర క్రషర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఫోర్‌మన్‌ని. స్క్రీన్ చప్పుడు వింటే చాలు, ఏ జాలీ చిరిగిందో చెప్పేస్తానని నాకు గొప్ప. ఆ గొప్పే నన్ను బంగారం దాకా లాక్కెళ్లింది.

తెలిసిన కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "మామా, కర్ణాటకలో ఒక బంగారం ప్లాంటు. స్క్రీన్ చాలట్లేదంట. ఒక్కసారి వచ్చి చూస్తావా?" కోలారు, రామగిరి గనులు 2001లో మూతపడ్డాక బంగారం సంగతే మర్చిపోయిన వాణ్ణి. అయినా అడిగిందే తడవు, "కంకరైనా బంగారమైనా జల్లెడ జల్లెడే కదా అల్లుడూ" అనేశాను.

వెళ్లి చూస్తే అన్నీ తెలిసిన సరుకే. జా క్రషర్, కోన్ క్రషర్, స్క్రీన్. 12 ఎంఎం జాలీలోంచి కిందపడ్డ రాయి బాల్ మిల్లుకు పోతుంది. పైన మిగిలింది రిటర్న్ బెల్టెక్కి మళ్లీ కోన్‌లోకొస్తుంది. ఆ బెల్టు పొర్లిపోతోంది. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు నా తీర్పు అయిపోయింది: 12 తీసేసి 16 వెయ్యండి, స్క్రీన్ వాలు ఇంకాస్త పెంచండి.

మర్నాటికి టన్నులు పెరిగాయి. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన మాంధాత శిల్పం చూశారా? ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తితే పైనుంచి చదరపు నాణేలు కురుస్తుంటాయి. ఆ పూట నేనూ అట్లాగే చెయ్యెత్తి నిలబడ్డాను.

మూడో రోజు ల్యాబ్ మేడం పిలిచారు. టేబుల్ మీదున్న గులకరాయి తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇందులో బంగారం ఉంది. మీరైతే ఎట్లా తీస్తారు?"

నేను నీళ్లు నమిలాను. మా క్రషర్‌లో జాలీ దాటిందల్లా సరుకే, టిప్పర్‌కెత్తితే డబ్బు. ఇక్కడ టన్ను రాయిలో ఉండేది కొన్ని గ్రాములు, అదీ కంటికి ఆనని రేణువులుగా. మిల్లు ఆ రాయిని ముఖానికద్దుకునే పౌడరంత మెత్తగా నూరితేనే రేణువు బయటపడుతుంది, సైనైడ్ దాన్ని కరిగించుకుంటుంది. మిల్లు సత్తువ మాత్రం నిన్న ఎంతో ఇవాళా అంతే. లావు రాయి, అదీ ఎక్కువ రాయి పెడితే బరక బరకగా నూరి వదిలేస్తుంది. బరకలో ఇరుక్కున్న బంగారం వ్యర్థంతో కలిసి చెరువులోకి పోతుంది. మూడు రోజులుగా నేను చేయించింది అదే. నేను పెంచిన టన్నులు బంగారాన్ని బయటికి తోలే టన్నులు.

12 జాలీ మళ్లీ ఎక్కించారు, వాలు పాత లెక్కకు తెచ్చారు. నేను మాత్రం క్యాంటీన్‌లో ముఖం మాడ్చుకుని కూర్చున్నా. సాయంత్రం స్క్రీన్ ఆపి కడుగుతున్న హెల్పర్, పత్తికొండ వైపు కుర్రాడు, కేకేశాడు. "అన్నా, ఈ పక్కంతా తుప్పే సూడు!"

ఎక్కి చూశాను. కుడి సగం తీగలు అరిగి అరిగి తళతళలాడుతున్నాయి. ఎడమ సగం ఎర్రటి తుప్పు, చేతికంటుకునేంత. రాయిని స్క్రీన్ మీదకు వదిలే చ్యూట్ మూతి వంకరగా ఉండి రాయంతా కుడివైపే పడుతోంది. అక్కడ మందంగా పేరుకునేసరికి చిన్న రాళ్లు పెద్దవాటి నెత్తినెక్కి, జాలీని తాకకుండానే చివరిదాకా సవారీ చేసి రిటర్న్ బెల్టెక్కుతున్నాయి. కోన్‌లో మళ్లీ పడి, మళ్లీ వస్తున్నాయి. దానికి తోడు నేను వాలు పెంచి ఆ సవారీని ఇంకా జోరెక్కించాను. స్క్రీన్ చాలకపోవడమేంటి, సగం స్క్రీన్ పనే లేక కూర్చుంటే!

ఏటా కొత్త కారం పట్టించాక మా ఆవిడ జల్లించడం చూస్తూనే ఉన్నా. గుప్పెడు పోసి, జల్లెడంతా పరుచుకునేలా తిప్పి, అప్పుడు ఇంకో గుప్పెడు. కుప్ప పొయ్యదు. చూడ్డమేగానీ చూసి నేర్చుకుందేముంది.

చ్యూట్‌లో ముక్క ప్లేట్లు వెల్డింగ్ పెట్టించి రాయిని వెడల్పంతా పరిపించాం. మట్టి అంటుకున్న రాయి జాలీ కళ్లు పూడ్చేయకుండా పైన నీళ్ల పైపు వేశాం. ఒక మధ్యాహ్నం పని, కాసిని వెల్డింగ్ రాడ్లు. రిటర్న్ బెల్టు అంచులు కనపడ్డాయి. మెచ్చుకోలు ఆ కుర్రాడికి దక్కాలి. కాంట్రాక్టరు నాకు శాలువా కప్పాడు. వద్దన్లేదు, కప్పించుకున్నా.

తిరిగొచ్చి డ్యూటీ ఎక్కిన మొదటి రోజు, ఎవరూ లేనప్పుడు మా స్క్రీన్ ఎక్కాను. ఒక పక్క తీగలు దారంలా అరిగున్నాయి. రెండో పక్క డస్ట్ అంగుళం మందాన గట్టిపడి ఉంది, కొత్తలో వేసిన నీలం రంగు అంచున ఇంకా పోలేదు. ఈ స్క్రీన్ చాలట్లేదని పోయినేడు పెద్ద మోటారు కొనిపించింది నేనే.

యజమానికి ఇంకా చెప్పలేదు.