రోహిణిలో మొక్క, రిమోట్‌లో 18

జూన్ 5 దగ్గరపడితే తెలుగునాట స్ఫూర్తి తన్నుకొస్తుంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం కదా! 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి సభ మొదలైన రోజది. అక్కడ జూన్ అంటే హాయైన వేసవి. ఇక్కడ రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మృగశిర చినుకు పడేదాకా విత్తనం బయటికి తియ్యని రైతు, ఆ మిట్టమధ్యాహ్నం పెద్దలంతా కలిసి మొక్క నాటుతుంటే నోరెళ్లబెట్టి చూస్తాడు. ఒక్క మొక్కకు పదహారు చేతులు. ఫొటో బాగా పడిందని తేలగానే చేతులూ పోతాయి, నీళ్ల బకెట్టూ పోతుంది. మొక్క మాత్రం అక్కడే ఉంటుంది, ఓ వారం పాటు. గొయ్యి వృథా కాదు లెండి, మళ్లీ ఏడాది పనికొస్తుంది.

అది సర్కారీ స్ఫూర్తి. సొంత స్ఫూర్తి దారి వేరు. "భూమి కోసం నా వంతు ఏదైనా చెయ్యాలి" అనిపించిన మనిషి మొట్టమొదట చేసే పని ఫోన్లో షాపింగ్ యాప్ తెరవడం. వెదురు బ్రష్షు, రాగి సీసా, స్టీలు స్ట్రాలు, ఆ స్ట్రాలను తోమడానికి ఓ బుల్లి బ్రష్షు, అన్నీ వేసుకోవడానికి జనపనార సంచి. ఒక్కోటి ఒక్కో అట్టపెట్టెలో, లోపల బుడగల ప్లాస్టిక్ కప్పుకుని, వేర్వేరు రోజుల్లో వేర్వేరు పెట్రోలు బళ్ల మీద ఊరేగుతూ వస్తాయి. తరతరాలుగా మజ్జిగను గ్లాసెత్తి గటగటా తాగిన ఇంట్లో ఇప్పుడు స్టీలు స్ట్రాలు అరడజను. భూమి తేలిక పడిందో లేదో గానీ, అలమర బరువెక్కింది.

సంచుల సంగతి చూడండి. నూలు సంచి నాలాకు అడ్డం పడదు, ఆవు కడుపులో చేరదు. ఆ పుణ్యం దానిదే. కానీ ప్రత్తి పండాలన్నా, నూలు వడకాలన్నా, రంగు అద్దాలన్నా నీళ్లూ కరెంటూ కావాలి. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో ఆ లెక్క కట్టించింది. కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే మామూలు నూలు సంచిని వాతావరణ ప్రభావం వరకే చూసినా 52 సార్లు వాడాలి. మిగతా ప్రభావాలన్నీ లెక్కలోకి తీసుకుంటే 7 వేల సార్లు దాటుతుంది. అంటే రోజూ బజారుకెళ్లినా 19 ఏళ్లు. అమ్మాయి పుట్టినప్పుడు కొన్న సంచి ఆమె పెళ్లినాటికి బాకీ తీరుస్తుందన్నమాట! మనమేమో బట్టల కొట్టువాడిచ్చిన సంచిని, సెమినార్లో ఇచ్చిన సంచిని, గృహప్రవేశంలో పంచిన సంచిని మరో పెద్ద సంచిలో కుక్కి అటక మీద పెడతాం. బజారుకు మాత్రం చేతులూపుకుంటూ వెళ్లి, "బాబూ, ఓ కవరివ్వు" అంటాం.

పెళ్లంటే గుర్తొచ్చింది. ఇప్పుడు పర్యావరణ హిత పెళ్లిళ్ల కాలం. శుభలేఖను మట్టిలో పాతితే తులసి మొలుస్తుందట. డాలస్ నుంచి దిగిన బంధువులు తమ విమానం టిక్కెట్టు పాతితే ఏం మొలుస్తుందో ఎవరూ చెప్పలేదు. అరిటాకులో భోజనం, మట్టి ముంతలో పెరుగు, వెళ్లేటప్పుడు చేతిలో మొక్క. ఈ పచ్చదనమంతా జరిగే ఏసీ హాల్లో చలికి వణికిన ముత్తైదువలు పట్టుచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంటారు.

ఇళ్లలోనూ ఇదే తంతు. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ మొత్తుకుంటోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన కూడా వచ్చింది. యంత్రం బుద్ధిగా 24 చూపిస్తుంది. మనం 18కి దించి, రగ్గు కప్పుకుని, కరిగిపోతున్న హిమానీ నదాల వీడియో చూసి కళ్లు తుడుచుకుంటాం.

ఎవరి పాపం ఎంతో తేల్చే "కార్బన్ పాదముద్ర" లెక్క ఒకటుంది. దాన్ని ఊరూవాడా తిప్పిందెవరో తెలుసా? చమురు కంపెనీ బీపీ. 2000ల నడుమ భారీ ప్రకటనలిచ్చి, ఎవరి లెక్క వాళ్లు కట్టుకోండని వెబ్‌సైట్లో ఓ పరికరం కూడా పెట్టింది. కల్లు దుకాణం వాడే తాగినవాడి చేతికి పలక ఇచ్చి, "ఎన్ని ముంతలు తాగావో రాసుకో" అన్నట్టుంది వ్యవహారం. మనం బలపం అరిగేదాకా రాసుకుంటున్నాం. దుకాణం మాత్రం మూతపడలేదు.

ఇక స్ఫూర్తి అంటని జనం కొందరున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు చాలా ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. కూరగాయల గంపతో, టిఫిను డబ్బాతో, చంకన బిడ్డతో బస్సు నిండిపోయింది. వాళ్లెవరూ భూగోళాన్ని ఉద్ధరించడానికి ఎక్కలేదు, ఛార్జీ మిగులుతుందని ఎక్కారు. కానీ ఒక్క బస్సులో అంతమంది ప్రయాణిస్తే తలకు ఖర్చయ్యే డీజిల్ ఎంత తక్కువో వేరే చెప్పాలా? తెగిన చెప్పు కుట్టించుకునే వాళ్లు, మిక్సీ చెడితే బాగుచేయించుకునే వాళ్లు కూడా ఈ కోవవాళ్లే. పర్యావరణ సభకు వీళ్లనెవరూ వక్తలుగా పిలవరు. పిలిచేది పెద్ద కారులో ఒంటరిగా వచ్చి, సభ అయ్యేదాకా డ్రైవరు చేత ఇంజిను ఆన్‌లో ఉంచే పెద్దమనిషిని.

కొనకపోవడానికి ప్రకటన ఉండదు, డిస్కౌంటు ఉండదు, ఫొటో అసలే పడదు. భూమికి భారం తగ్గేది మాత్రం అక్కడే. కాబట్టి స్ఫూర్తి పొందిన పాఠక మహాశయులారా, ఈసారి జూన్ 5న ఏమీ కొనకండి, ఏమీ నాటకండి. మృగశిర వెళ్లి వానలు కుదురుకున్నాక ఒక్క మొక్క నాటి, రెండు వేసవులు నీళ్లు పొయ్యండి. రిమోట్‌ను 24 దగ్గరే వదిలెయ్యండి. అటక మీది సంచుల్లో ఒకటి దించండి. ఓటడగడానికి వచ్చిన నాయకుడు మొక్క చేతిలో పెట్టబోతే, "అది తర్వాత, ముందు మా వీధికి బస్సెప్పుడు వస్తుందో చెప్పండి" అని అడగండి.