టేకు లంఖణం: ఒక వాట్సాప్ సందేశానికి టీకా తాత్పర్యం

మూలం

బాబాయ్, టేకు తినట్లేదు. మూణ్ణాళ్లైంది. ఓ మూల పడుకునే ఉంటోంది. నీళ్లు బాగానే ఉన్నాయి. ఏం మందు వెయ్యమంటావ్?

అవతారిక

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కొడుకు, తన ఆరడుగుల గాజుతొట్టిలోని చేపకు అరుచియు మాంద్యమును సంభవింపగా, రాత్రి పదకొండు గంటల వేళ, భీమవరంలో దుప్పటి కప్పుకోబోతున్న రిటైర్డు తెలుగు మాస్టారినైన నన్నుద్దేశించి పలికిన సందేశమిది. నిజానికి ఇది వాళ్ల నాన్నని అడగాల్సిన ప్రశ్న. మా అన్నయ్య ఇరవై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నాడు. అయితే రొయ్యలు అమ్ముకు బతికే ఇంట్లో పుట్టిన కొడుకు, ఆ రొయ్యల్నే హైదరాబాదులో కిలోల లెక్కన కొని చేపకు మేపుతున్నాడని ఆయనకింకా తెలియదు. అందుకని నేను దొరికాను.

మూలంలో లేనిది ముక్కైనా రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయనది. మహానుభావుడు, ఆయనకు చేపల తొట్టి లేదు. ఈ మూలంలో రాసినదానికంటే రాయనిదే ఎక్కువ కనుక నా టీకా ఆ ప్రతినకు భంగంగానే నడుస్తుంది.

ప్రతిపదార్థం

బాబాయ్ = సంబోధన. జీతం పెరిగినప్పుడు వినబడదు.

టేకు = చెట్టు కాదు. మంచమూ కాదు, మూడు రోజులుగా మంచంలాగే ప్రవర్తిస్తున్నప్పటికీ. పళ్లెంలా బల్లపరుపుగా, కొరడాలాంటి తోకతో మన కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో దిగే చేపను టేకంటారు. వీడింట్లోది దానికి దూరపు చుట్టం. దక్షిణ అమెరికా మంచినీటి టేకు. మోటోరో అని పిలుస్తారు. మట్టిరంగు వీపు మీద నారింజరంగు కళ్లు తెరిచినట్టు చుక్కలు. 1841లో ముల్లర్, హెన్లే అనే ఇద్దరు జర్మన్ పండితులు దీన్ని శాస్త్రానికెక్కించారు. అమెజాన్, ఒరినోకో, పరాగ్వే నదుల ఇసుక దీని పుట్టిల్లు.

ఇక్కడ పూర్వపక్షం మా ఆవిడది. "టేకంటే సముద్రపు చేపే కదా, గుప్పెడు కల్లుప్పు వేస్తే సరి" అంది పక్కనుంచి. సమాధానం: ఈ వంశం సముద్రం విడిచి కోటి ఏళ్ల పైమాటే. సముద్రపు టేకులూ సొరలూ ఉప్పునీళ్లలో ఒళ్లు ఎండిపోకుండా నెత్తురులో యూరియా నిలవ పెట్టుకుంటాయి. ఎక్కువైన ఉప్పును తోసెయ్యడానికి పేగు చివర వాటికొక గ్రంథి ఉంటుంది. మంచినీళ్లకు కాపురమొచ్చిన ఈ శాఖ, యూరియా దాచే విద్య మరిచిపోయింది. ఆ గ్రంథి కుంచించుకుపోయి ఉత్తదైంది. తీసుకెళ్లి కాకినాడ సముద్రంలో వదిలినా బతకదు. "అయితే ఉప్పొద్దు" అని ఆవిడ నిద్రపోయింది. పూర్వపక్షి నిద్రపోవడం కూడా సిద్ధాంతానికి గెలుపే.

తినట్లేదు = వ్యతిరేక క్రియ. ఏం తినట్లేదు? కర్మ లోపించింది. చేప కర్మ కూడా అక్కడే ఉంది. ఈ ఒక్క క్రియకు మూడర్థాలు. మేత వేసినా అటు రావడం లేదనేది ఒకటి. అప్పుడు నీళ్లనీ, వాటి వేడినీ అనుమానించాలి. వచ్చి, ఒంటితో మేతను కప్పేసి, నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందనేది రెండోది. అప్పుడు నోట్లో పుండు, పేగులో పురుగు, లేదా మేతే చెడిపోవడం. మూడోది తెలిసినవాళ్లే చెప్పేది: నదిలో పట్టి తెచ్చిన టేకుకు గడ్డకట్టిన రొయ్య తిండి అనే తెలియదు, మెలికలు తిరిగే వానపామైతేనే అది భోజనం. మావాడి టేకు తొట్టిలో పుట్టి పెరిగింది, ఏడాదిగా రొయ్యముక్కలు ఎగబడి తిన్నది కాబట్టి మూడోది కొట్టేశాను. తోక మొదట్లో రెండు పుల్లల్లాంటి అంగాలున్నాయి, అంటే మగది, కనుక వేవిళ్ల శంకకూ తావు లేదు.

రావట్లేదా, ఉమ్మేస్తోందా అని అడిగాను. "అసలు రావట్లేదు" అని జవాబు.

మా అన్నయ్య చెరువు దగ్గర ఈ పదానికి ఇంత వ్యాఖ్యానం అక్కర్లేదు. బురదనీళ్లలో రొయ్య కంటికి కనబడదు. చెక్ ట్రేలో కాస్త మేత వేసి అడుక్కి దించి, గంటా రెండు గంటలాగి ఎత్తి చూస్తారు. మేత మిగిలిందంటే చెరువు ఏదో చెబుతోందన్నమాట. అప్పుడు మా అన్నయ్య మందుల షాపుకి పరిగెత్తడు, సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకి వెళతాడు. ఆ ఇంటి బిడ్డ "ఏం మందు" అని అడిగాడంటే చదువు ఎక్కువైందనుకోవాలి.

మూణ్ణాళ్లైంది = కాలవాచకం. ఒళ్లు నిండిన పెద్ద టేకు నాలుగు రోజులు ఏకాదశి చేసినా ఫరవాలేదు. అరచేయంత పిల్లకైతే మూడు రోజులు చాలా పెద్ద కాలం, ఒంట్లో నిలవ ఉండదు. తోక మొదలు దగ్గర తుంటి ఎముకలు రెండు బొడిపెల్లా పైకి తేలాయా అన్నది చూడాలి. ఫొటో పంపించాడు. తేలలేదు. ఊపిరి పీల్చుకున్నాం, ఇద్దరం.

ఓ మూల = శ్లేష. మూల అంటే తొట్టి మూల, మూలం అంటే కారణం. కవికి తెలియకుండానే పడ్డ శ్లేష ఇది, అందుకే గొప్పది. తొట్టికి నాలుగు మూలలుంటాయి, ఏది? హీటరున్న మూల అయితే చలి అని అర్థం. ఈ చేపకు 26 నుంచి 29 డిగ్రీలు కావాలి, దిగితే ఆకలి మందగిస్తుంది. పైగా ఒంటిమీద మామూలు చేపల్లాంటి పొలుసుల్లేవు, వెచ్చదనం కోసం హీటరుకు ఆనుకుని బొబ్బలు తెచ్చుకుంటుంది. చీకటి మూల అయితే భయం. ఫొటో పెద్దది చేసి చూశాను. ఫిల్టరు నుంచి నీళ్లు ధారగా పడే మూల. అంటే గాలి వెతుక్కుంటోంది. రోగనిర్ణయం సగం ఇక్కడే అయిపోయింది, కానీ టీకాకారుడు తొందరపడితే గౌరవం తగ్గుతుంది.

పడుకునే ఉంటోంది = ఇందులో "పడుకుని" దోషం కాదు. ఇసుకలో కూరుకుని కళ్లు మాత్రం బయట పెట్టి పడుకోవడం ఈ జాతి స్వభావం. కొత్తగా పెంచేవాళ్లు దాన్ని బద్ధకమంటారు, బద్ధకమంటే ఏమిటో తెలియక. దోషమంతా "ఏ" అనే ప్రత్యయంలో ఉంది. మేత వాసన తగిలినా లేవకపోతే, దీపం వేసినా కదలకపోతే అది "పడుకునే" అవుతుంది. రెండు చోట్ల చూడమన్నాను. కళ్ల వెనక రెండు రంధ్రాలుంటాయి, మొప్పలు పొట్టకింద ఉంటాయి కనుక ఇసుక పీల్చకుండా పైనుంచి ఆ రంధ్రాలతో నీళ్లు తీసుకుంటుంది. అవి ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో చూడాలి. పళ్లెం అంచులు పైకి వంకర తిరుగుతున్నాయా అన్నది రెండోది. కాల్చిన అప్పడంలా అంచు లేచిందంటే పెంపకందార్లు ఆశ వదులుకుంటారు. మావాడి చేప అంచులు ఇసుకకు ఆనే ఉన్నాయి. రంధ్రాలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి.

"చేత్తో ఎత్తి పొట్ట చూడనా?" అన్నాడు. వద్దన్నాను. తోక మీది ముల్లు విషపు ముల్లు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి. రోగులు ఇద్దరవుతారు.

నీళ్లు బాగానే ఉన్నాయి = ఇది ఈ కావ్యానికి గుండెకాయ. "బాగున్నాయి" వేరు, "బాగానే ఉన్నాయి" వేరు. అత్తగారింట్లో ఎలా ఉందమ్మా అంటే ఆడపిల్ల "బాగానే ఉంది నాన్నా" అన్న రోజున తండ్రికి అన్నం సహించదు. తెలుగులో ఆ "నే" తలుపు ఓరగా మూసినట్టుంటుంది. మావాడి దృష్టిలో "బాగానే" అంటే తేటగా ఉన్నాయని. అమ్మోనియాకు రంగు లేదు, నైట్రైటుకూ లేదు. గంగాజలంలా మెరిసే నీళ్లలో చేప ఉక్కిరిబిక్కిరై చావగలదు. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. నైట్రైటు నెత్తురులో చేరి, ప్రాణవాయువును మోసే పదార్థాన్ని పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు నీళ్లలో గాలి ఎంత ఉన్నా ఒంటికందదు. ధార కింద పడుకున్నది ఇందుకు.

టెస్ట్ కిట్ ఉందా అన్నాను. ఉందట. సీలు తియ్యలేదట. కొని ఏడాదైందట. మా ఇళ్లలో వెండి గ్లాసులు కూడా ఇలాగే ఉంటాయి.

పావుగంటలో అంకెలొచ్చాయి. అమ్మోనియా 1 పీపీఎం. నైట్రైటు అర. రెండూ సున్నా ఉండాల్సినవి. పీహెచ్ 7.8. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి ఎక్కితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పదింతలవుతుంది కనుక, ఆ ఒకటిని ఒకటిగా చదవకూడదు.

లుప్తభాగం

ఇంతలో మూలానికి తెగిపోయిన తాళపత్రమొకటి దొరికింది. "చెప్పడం మర్చిపోయా బాబాయ్. ఆదివారం చుట్టాలొస్తున్నారని శనివారం ఫిల్టరు మొత్తం కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగా."

పండితులు గమనించాలి, "చెప్పడం మర్చిపోయా" అనే మాటతో మొదలయ్యే వాక్యంలోనే ఏ వ్యాధికైనా కారణం ఉంటుంది. ఫిల్టరు స్పాంజిలో బంకలా కనబడేది మురికి కాదు, ఊరు. చేప విసర్జించిన అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు అక్కడ కాపురముంటాయి. ఆ ఊరు కట్టుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. కృష్ణా నీళ్లయినా గోదావరి నీళ్లయినా హైదరాబాదు కుళాయిలోకి వచ్చేసరికి మనుషుల మేలుకోరి క్లోరిన్ కలిసే వస్తాయి. ఆ ధార కింద పెట్టి మావాడు ఊరంతా తుడిచేశాడు. చుట్టాలు చేపను చూసి ముచ్చటపడి వెళ్లారట.

ఏం మందు = ప్రశ్న. ఉత్తరం: ఏదీ వద్దు. షాపులో సీసా అడిగితే రాగి కలిసిన మందో, మలకైట్ గ్రీనో చేతిలో పెడతారు. ఈ జాతి ఒంటికి రాగి విషం. నీళ్ల వల్ల వచ్చిన దానికి నీళ్లతోనే వైద్యం.

తాత్పర్యం

ఓరి నాయనా, సగం నీళ్లు తీసెయ్యి. కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే మందు ముందే కలిపి, తొట్టి నీళ్లంత వెచ్చగా చేసి, నెమ్మదిగా పొయ్యి. కొత్త నీళ్ల పీహెచ్ కూడా చూసుకో. తొట్టిలో ఆరున్నర ఉండి నువ్వు పోసే బోరు నీళ్లది ఎనిమిదైతే, అంతదాకా మెత్తగా పడున్న అమ్మోనియా ఒక్కసారిగా కోరలు చాస్తుంది. నీ తొట్టికి ఆ భయం లేదు కానీ, ఇంకొకడికి సలహా చెప్పేటప్పుడు గుర్తుంచుకో. గాలి మోటారు ఇంకోటి పెట్టు. మేత పూర్తిగా ఆపు, తినని చేపకు మేత వెయ్యడమంటే కుళ్లబెట్టడమే. చేపల్ని పెంచే స్నేహితుడుంటే, జబ్బుల్లేని అతని పాత తొట్టి స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకో, పెరుగుకు తోడు తెచ్చుకున్నట్టు. పొద్దున్నా సాయంత్రం అంకెలు చూడు, ఎక్కితే మళ్లీ నీళ్లు మార్చు. నీళ్లు సున్నాకొచ్చాక కూడా తినకపోతే, అప్పుడు పురుగుల సంగతి, చేపల డాక్టరు సంగతి మాట్లాడుకుందాం. ఇకమీదట స్పాంజిని తొట్టిలోంచి తీసిన బకెట్టు నీళ్లలోనే పిండు. ఈసారి చుట్టాలొస్తే సోఫా తుడువు.

ఫలశ్రుతి

ఆరో రోజు పొద్దున వీడియో వచ్చింది. వానపాము మీద పళ్లెం బోర్లించినట్టు పడి, ఒళ్లంతా అలలా కదులుతూ తింటోంది. కింద ఒకే వాక్యం: "ఇప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయి బాబాయ్."

"అంకె ఎంతరా?" అని రాశాను.

నీలిరంగు టిక్కులు పడ్డాయి. జవాబింకా రాలేదు.