లంబసింగి జీపు ఆత్మచరిత్ర

తన జీవితాన్ని తానే గ్రంథస్థం చేసుకుంటున్న ఈ జీపు, పాతకాలపు పండితులు తమను ‘ఈ గ్రంథకర్త’ అని చెప్పుకొన్నట్టే, తనను ప్రథమపురుషలోనే పేర్కొంటుంది. 1943లో అమెరికాలోని టొలీడో నగరంలో విల్లీస్ కర్మాగారంలో తయారై, యుద్ధం ముగిశాక మిలిటరీ డిస్పోజల్‌లో, అంటే సైన్యానికి అక్కర తీరిన సామగ్రిని వేలం వేసే అమ్మకంలో చేతులు మారి, చివరకు సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి చేరిన ఈ బండికి నేలమీద నడకే పుట్టువిద్య అయినా, దాని ఆయుష్షును నిర్ణయిస్తూ వచ్చింది మాత్రం నీరే.

ఈ వంశంలో నీటిలో ఈదగలిగిన శాఖ కూడా ఉంది. ఉభయచర వాహనమంటే రోడ్డుమీద చక్రాలతోనూ, నీటిలో ప్రొపెల్లర్ అనే తిరుగుడు రెక్కలతోనూ సాగే బండి. అమెరికా సైన్యం కోసం జనరల్ మోటార్స్ 1942 నుంచి తయారుచేసిన, రెండున్నర టన్నుల బరువు మోసే ‘డక్’ లారీ ఆ కోవలో పేరు మోసింది. జీపు యంత్రాంగాన్నే పడవ ఆకారపు తొట్టిలో కూర్చి ఫోర్డ్ కంపెనీ తయారుచేసిన జీపీఏ మాత్రం, అనుకున్నదానికన్నా బరువెక్కి నీటిలో మరీ లోతుగా మునగడంవల్ల, చిన్న అలకే లోపలికి నీరు తెచ్చుకుని అపకీర్తి పాలైంది. అయినా భారత సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియావాసి, 1946లో బెంగాల్‌లోని ఒక విమానస్థావరంలో అటువంటి జీపును చూసి దానితో ప్రపంచం చుట్టి రావచ్చునని తలచి, 1950లో అట్లాంటిక్ మహాసముద్రంలోకి దిగి, 1958 నాటికి ఆ మాట నిలబెట్టుకున్నాడు. అది సాహసమో మొండితనమో తేల్చడం కష్టం. ఆ బండ్లలోకి నీరు అసలు రాకుండా ఆపడం ఎవరితరమూ కాదు కనుక, వచ్చిన నీటిని వచ్చినట్టే పంపుతో తోడిపోయడం వాటి సంరక్షణకు మూలసూత్రమైంది. ఈ జీపుకు అంత హంగు లేదు. నేలరేకులో బిరడా ఉన్న ఒక రంధ్రం ఉంది, బిరడా తీస్తే నీరు పోతుంది.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఈ జీపు దశాబ్దాలుగా ఎక్కి దిగుతున్న దారికి దానికన్నా పాత చరిత్ర ఉంది. ఆ రోడ్డు పనిలో గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. ఆ రోడ్డు వదిలి ఊళ్లలోకి మళ్లితే గెడ్డలు, అంటే కొండవాగులు, అడ్డుపడతాయి. సంత రోజున మిరియాలు, పసుపు, కాఫీ గింజల బస్తాలమీద మనుషులనూ ఎక్కించుకుని గెడ్డ దాటవలసి వచ్చినప్పుడు, ఫ్యాను రెక్కలు నీటిని ఎగజిమ్మి కరెంటు తీగలను తడపకుండా ముందుగా బెల్టు ఊడదీసి, లో గేరులో వేసి, సైలెన్సరులోకి నీరు ఎగబాకకుండా యాక్సిలరేటరు వదలక, మధ్యలో ఆగక పోనివ్వడం ఇక్కడి డ్రైవర్లందరికీ తెలిసిన పద్ధతి.

అసలు నష్టం ఒడ్డుకు చేరాకనే బయటపడుతుంది. ఘాట్ ఎక్కి వేడెక్కిన హబ్, అంటే చక్రం బేరింగులను పొదువుకున్న ఇనుప గుండు, చన్నీటిలో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. నాలుగు రోజుల తరువాత మూత విప్పిన మెకానిక్ వేలికి నల్లని గ్రీజుకు బదులు మజ్జిగ చిలికినట్టు తెల్లగా నురగ కట్టిన ముద్ద తగిలితే, బేరింగు కడగడం, ఎండబెట్టడం, కొత్త గ్రీజు దట్టించడం తప్పవు. గెడ్డ దాటకపోయినా తిప్పలు తప్పవు: శీతకాలపు ఉదయాలలో పొగమంచు పెట్రోలు ఇంజను డిస్ట్రిబ్యూటర్ మూతలో, అంటే నిప్పురవ్వను ఒక్కొక్క సిలిండరుకు పంచిపెట్టే భాగంలో, చెమటలా పట్టి స్టార్టు కానివ్వదు, సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకులోనూ అదే తేమ చేరి అడుగున తుప్పు పెంచుతుంది. రాత్రి ట్యాంకు నిండుగా ఉంచాలని పాతవాళ్లు పట్టుబట్టింది ఇందుకే.

పునరుద్ధరణ దగ్గరకు వచ్చేసరికి రెండు న్యాయాలు ఎదురుపడతాయి. పాత బండ్లు సేకరించే అభిమానులు బోల్టు తలమీది కంపెనీ ముద్రను కూడా వెతుకుతారు. కొండమీది యజమాని మరకు సరిపడిన బోల్టు దొరికితే చాలనుకుంటాడు. పెట్రోలు ఖర్చు భరించలేక ఈ జీపుకు ఒకప్పుడు మటడార్ వ్యాను డీజిల్ ఇంజను ఎక్కించారు, అందువల్లనే అది తుక్కుకు పోకుండా మిగిలింది. అయితే 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన నిబంధనలు, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని సొంత బండినే వింటేజ్‌గా గుర్తిస్తాయి. అలా గుర్తింపు పొందినదాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కించనివ్వవు. బతకడానికి చేసుకున్న మార్పే వృద్ధాప్య గౌరవానికి అడ్డు రావడం ఈ జీపుకు న్యాయంగా తోచదు.

నేలరేకు తుప్పును పుట్టీతో కప్పకుండా, తిన్నంత మేర కోసేసి కొత్త రేకు అతికే పని ఇప్పుడు సాగుతున్నది. కొత్త రేకులోనూ బిరడా రంధ్రం ఉండి తీరాలని యజమాని టింకరింగ్ మేస్త్రీకి గట్టిగా చెప్పాడు. షెడ్డు మూలన పడి ఉన్న 60 అశ్వశక్తుల పాత పెట్రోలు ఇంజను హెడ్డు విప్పి చూడగా, నాలుగో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు తేమకు పట్టేసి ఉంది. డీజిలు పోసి నానబెట్టారు. అది కదిలాకనే ఏ ఇంజను బిగించాలన్నది తేలుతుంది. ఈలోగా కాఫీ పళ్ల కోత మొదలైంది కనుక, బస్తాల మోతకు పక్క ఊరి జీపును బాడుగకు మాట్లాడారు.