ఎస్సార్ నంబరు పడితే చాలనుకున్న రోజులు

మా రోజుల్లో దావా వేయడమంటే కాళ్లరిగే పని. వనపర్తిలో వకీలు సాబ్ దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు కాగితాలు దారంతో కుట్టి, కోర్టు ఫీజు స్టాంపులు అంటించి, చంకలో పెట్టుకొని పోయేవాణ్ని. శిరస్తాదారు కళ్లద్దాలు పైకెత్తి, "వెరిఫికేషన్ కింద సంతకమేదయ్యా?" అనేవాడు. దావా వేసే పార్టీని చెట్టు కింద నుంచి పిలిచి సంతకం పెట్టించి అదే పూట మళ్లీ ఇచ్చేవాణ్ని. దావాకు అసలు నంబరు, అంటే ఓఎస్ నంబరు, పడేదాకా దాఖలు చేసినప్పుడిచ్చిన ఎస్సార్ నంబరే దిక్కు. కట్ట జడ్జిగారి ముందుకు పోయేది, ఆయన ప్రార్థన దాకా చదివి, రిజిస్టర్ చేయమని రాసి పొట్టి సంతకం చేసేవారు. నంబరు పడకముందే దావా ఒకసారి దొరగారి చేతిలో పడేదన్నమాట.

ఇప్పుడు ఈ-ఫైలింగ్. వకీలు ఇంట్లో కూర్చొని పీడీఎఫ్ పంపుతాడు. ఆఫీసువాళ్లు తెర మీదే తప్పులు పట్టి తిప్పి పంపుతారు. అన్నీ సరిపోతే కోర్టుల కేసు సమాచార వ్యవస్థ సీఐఎస్‌లోకి ఎక్కి, అక్షరాలూ అంకెలూ కలిపి కేసుకు గుర్తింపుగా 16 స్థానాల సీఎన్‌ఆర్ నంబరు పడుతుంది. జడ్జిగారికి అది ఆనాటి జాబితాలో ఒక వరుసగా కనిపిస్తుంది. భర్త పోయిన ఆడమనిషి మనోవర్తి పిటిషనూ, చిట్టీ డబ్బుల దావా అక్కడ ఒకే అచ్చులో ఉంటాయి.

నాకు మండేది అర్జెంటు సంగతిలో. పక్కోడు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చి గట్టు దున్నేశాడనుకోండి. పొద్దున కేసులు పిలిచే కాల్ వర్క్ అయిపోకముందే వకీలు లేచి నిలబడి, "దొరగారూ, ఇది ఇవాళే చూడాలి" అంటే, ఆయన ఇంజంక్షన్ పిటిషను బల్ల మీదికి తెప్పించుకునేవారు. ఇప్పుడు ముందు ఆన్‌లైన్‌లో ఎక్కించు, తనిఖీ కానీ, అంటారు. ఆలోపు గట్టు ఆనవాలు ఉండదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అవతలివాడికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ ఇస్తే, ఆ పిటిషనును 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని 1976 సవరణ నుంచీ చట్టంలో ఉంది. మా కాలంలో ఆ 30 రోజులూ కట్టలోనే కలిసిపోయేవి, ఎవడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు తారీఖులన్నీ కంప్యూటరులో ఉన్నాయి, దాచే వీల్లేదు. 2015లో వచ్చిన జాతీయ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఏ కోర్టులో ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా మూలుగుతున్నాయో ఎవరైనా చూడొచ్చు. జడ్జిల కోసం వేరే ఫోన్ యాప్ కూడా ఉంది, తమ కోర్టు పెండింగు ఇంట్లో నుంచే చూసుకుంటారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో భూములు పోయిన కొల్లాపూర్ దిక్కు రైతులు పరిహారం పెంచమని కోర్టుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఈ గ్రిడ్ ఉంటే కొందరికైనా మేలయ్యేది.

దూరం తగ్గింది కూడా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. 2022 జూన్‌లో వాటికి సొంత జిల్లా కోర్టులొచ్చాయి. ప్రధాన జిల్లా జడ్జి దగ్గర పనంటే పాత జిల్లా కేంద్రం పాలమూరు (మహబూబ్‌నగర్) బస్సెక్కే తిప్పలు పోయాయి. (ఆ బస్సులో సీటు దొరకడమే ఒక డిక్రీ!)

కానీ కాగితం పోయిందా? ఈ-కోర్టుల పథకం మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది. మా దగ్గర మాత్రం పీడీఎఫ్ పంపినాక అదే దావా అచ్చేసి, కుట్టి, పట్టుకు రమ్మంటారు. జడ్జిగారు సాక్షిని విచారించేటప్పుడు చూసేది ఆ కాగితాల కట్టే, వాయిదా ఎక్కేది మాత్రం తెర మీద. గుమాస్తాకు రెండు పనులు, పార్టీకి రెండు ఖర్చులు.

హైకోర్టు పెద్దలకు నా మనవి ఒకటే. కాగితమో తెరో, ఏదో ఒకటి ఉంచండి. తెరే ఉంచేటట్లయితే, పొద్దున కాల్ వర్క్‌లో అర్జెంటు పిటిషన్లు నోటితో చెప్పుకునే పది నిమిషాలు మాత్రం మళ్లీ ఇవ్వండి.