తదితరులు పాల్గొన్నారు

తెలుగు పత్రికల్లో సాహిత్యానికి సోమవారం రాసిపెట్టి ఉంది. ఆంధ్రజ్యోతి 'వివిధ' సోమవారమే, నవతెలంగాణ 'దర్వాజ' సోమవారమే. ఇదేం లెక్క అని మా పత్రిక ప్రకటనల విభాగంలో ఒక పెద్దాయన్ని అడిగాను. "ఆదివారం బంగారం షాపులోళ్లు, ప్లాట్లోళ్లు వస్తరు సార్. సోమవారం ఎవరూ రారు. ఖాళీ జాగాల ఎవరో ఒకరు ఉండాలె గద" అన్నాడు. అప్పట్నుంచీ నన్ను నేను సంపాదకుడిగా కంటే ఆ ఖాళీ జాగాకు కాపలాదారుగానే చూసుకుంటున్నాను.

ఉండేది ఇబ్రహీంపట్నంలో. చూసేది కవిత్వం పేజీ. దాని అడుగున 'ఈ వారం' అని చిన్న కాలమ్ నాదే. ఎక్కడ ఏ సభ, ఎవరికి ఏ పురస్కారం, ఏ పుస్తకం వచ్చింది, ఏం చదవొచ్చు, అన్నీ అందులోనే. పాఠకులు పైనున్న కవితతో మొదలుపెట్టి కిందికి దిగుతారని ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుకునేవాణ్ణి. ఎవరూ దిగరు. అందరూ అడుగునుంచే మొదలుపెడతారు. తమ పేరు కనిపిస్తే పైకి వెళ్తారు, కనిపించకపోతే నాకు ఫోన్ చేస్తారు.

గురువారం నుంచి వాట్సాప్‌లో ప్రెస్‌నోట్లు మొదలవుతాయి. మొన్నొకటి వచ్చింది. సభాధ్యక్షులు ఒకరు, ముఖ్య అతిథి ఒకరు, గౌరవ అతిథి ఒకరు, విశిష్ట అతిథులు ముగ్గురు, ఆత్మీయ అతిథులు అయిదుగురు. గౌరవానికీ విశిష్టతకూ ఆత్మీయతకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆహ్వాన పత్రాలు రాసేవాళ్లకు తప్ప తెలుగునాట ఇంకెవరికీ తెలీదు. తర్వాత పుస్తకావిష్కర్త, తొలి ప్రతి స్వీకర్త, సమీక్షకులు, సభా సమన్వయం, వందన సమర్పణ. ప్రతి పేరుకూ ముందు డాక్టర్, వెనక బిరుదు. అన్నీ ఉన్నాయి, పుస్తకం పేరు లేదు. ఫోన్ చేశాను.

"అన్నా, బుక్కు పేరు రాయలే మీరు."

"ఫోటో పంపిన గద సార్, అండ్ల ఉన్నది సూడున్రి."

ఫోటో పెద్దది చేసి చూశాను. వేదిక మీద నిలబడ్డ ప్రతివాడూ ఒక పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని ఉన్నాడు. పుస్తకం పేరున్న చోట బొటనవేళ్లు ఉన్నాయి. ఒక ప్రతికి చమ్కీ కాగితం ఇంకా సగం అంటుకునే ఉంది. ఒకాయన తలకిందులుగా పట్టుకున్నాడు, ఆయన సమీక్షకుడట. కవి ఎక్కడని వెతికితే ఫోటో అంచున సగం మొహం దొరికింది. ఆ సగంలో మళ్లీ సగం పక్కాయన శాలువా కిందికి పోయింది.

ఇదేదో ఈ కాలపు జబ్బనుకునేవాళ్లు ప్రబంధాలు ఒకసారి తిరగెయ్యాలి. కథ మొదలుపెట్టే ముందు అవతారిక ఉంటుంది. కృతిభర్త, అంటే అంకితం పుచ్చుకునేవాడు, ఎవరు, ఆయన తాత ఎవరు, ఎవరిని గెలిచాడు, ఎంత దానమిచ్చాడు. అది చాలనట్టు చివర షష్ఠ్యంతాలు, అంటే బిరుదులన్నీ వరసపెట్టి పద్యాల్లో. మా ఊరు ఏ ఇబ్రహీం పేరున వెలిసిందో ఆ ఇబ్రహీం కుతుబ్ షాకూ ఇదే జరిగింది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలినవాడు. గద్దె ఎక్కకముందు విజయనగరంలో రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకుని, అక్కడే తెలుగు రుచి మరిగాడు. మనవాళ్లు ఊరుకుంటారా, మల్కిభరాముడని పేరు పెట్టి సొంతం చేసుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యమని పేరుపడ్డ పొన్నెగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర' పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితం.

ఆ ఏర్పాటులో ఒక సుఖముంది. ముఖ్య అతిథి, తొలి ప్రతి స్వీకర్త, డబ్బులిచ్చేవాడు ముగ్గురూ ఒక్కడే. ఇప్పుడు మొదటి రెండు పాత్రలకూ జనం పోటీ పడతారు. మూడోది మాత్రం కవి తానే వేసుకుంటాడు, ప్రింటింగ్ ప్రెస్‌లో అడ్వాన్సు కట్టి.

ఆ సుల్తాను కాలం నాటి చెరువు మా ఊరికి ఆస్తి, చుట్టుపక్కల కవులకు జీవనాధారం. ఏళ్ల తరబడి ఎండిన చెరువు మీద నాకు కవితలు వచ్చేవి. నెర్రెలు, కొంగలు, ఒంటరి తుమ్మచెట్టు తప్పనిసరి. 2022లో వానలు దంచికొట్టి చెరువు నిండి అలుగు పోసింది. ఊరు ఊరంతా చూడ్డానికి పోయింది. ఆ వారం టపాలోనూ ఎండిన చెరువే వచ్చింది. ఒక కవిని అడిగితే, "అది ముందటేడు రాసిపెట్టుకున్నది సార్, మల్ల ఎండకపోతదా?" అన్నాడు. ఆయన నమ్మకం నాకు నచ్చి వేశాను.

సభలకు వెళ్లి చూసి రాయమంటారు మా డెస్కువాళ్లు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ సాయంత్రం ఆరింటికని వేస్తారు. ఏడు దాటాక జ్యోతి వెలిగిస్తారు. మన పద్ధతిలో కవి మాట్లాడేది అందరికంటే ఆఖరున, వందన సమర్పణకు కాస్త ముందు. ఇబ్రహీంపట్నం వచ్చే 277 బస్సు అంతసేపు ఆగదు. అందుకని వక్తలందరూ కవిత్వం గురించి ఏమన్నారో నాకు తెలుసు గానీ, కవి ఏమన్నాడో చాలాసార్లు తెలీదు. నాకే కాదు, అప్పటికి మిగిలిన కుర్చీలకూ తెలీదు.

పురస్కారాల ప్రకటనలది వేరే గొడవ. గడువు, చిరునామా, చివర "నాలుగు ప్రతులు పంపాలి". న్యాయనిర్ణేతలు ముగ్గురైతే నాలుగో ప్రతి ఎవరికన్నది సాహిత్య పరిశోధకులు తేల్చాల్సిన విషయం. నన్నడిగితే ఈమధ్య వచ్చిన అసలైన సాహిత్య వార్త తపాలా శాఖది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఎత్తేశారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్‌పోస్టులో కలిపేశారు. నాలుగు ప్రతులు పది సంస్థలకు పంపే కవికి ఇంతకంటే పెద్ద పిడుగు ఏముంటుంది? ఏ సాహిత్య పేజీ దీన్ని పట్టించుకోలేదు. నేను వేశాను. ఒకే ఒక్క స్పందన వచ్చింది, అదీ పోస్టాఫీసు క్లర్కు నుంచి. ఆయన కూడా కవిత జతచేశాడు.

ఇక ఫోన్లు. కాలమ్ వెడల్పు నా అరచేయంత ఉంటుంది. ముగ్గురి పేర్లు వేసి 'తదితరులు పాల్గొన్నారు' అంటే గానీ సరిపోదు. సోమవారం పొద్దున పాలప్యాకెట్ కంటే ముందు ఫోన్ వస్తుంది.

"ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. నేను తదితరుణ్ణా సార్?"

దీనికి జవాబు లేదు. ఎవరిని వేసినా ఇంకెవరో తదితరులవుతారు. ఒకసారి ఎందుకొచ్చిన తంటా అని అందరి పేర్లూ వేశాను. ఆ వారం కవిత పోయింది. కవిత ఏదని ఒక్కరూ అడగలేదు.

నాకు తెలిసి తదితరులు లేకుండా పని నడిపిన సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారు. 1926 మే 10న 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్నట్టు ఒక పండితుడు రాస్తే, ఆయన పత్రికాముఖంగా కేకేసి పద్యాలు తెప్పించారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. 354 మంది. నా కాలమ్‌లోనైతే ముగ్గురిని వేసి 351 మందిని తదితరుల్లో తోసేసేవాణ్ణి. ఆయన ఆ పని చేసి ఉంటే వాదం అక్కడికక్కడే ఓడిపోయేది, ఎందుకంటే లేరన్నవాడికి చెప్పాల్సిన జవాబు పేర్లే. అందులో అన్నీ గొప్ప పద్యాలని నేననను, ఎవరూ అనరు. గొప్పవి ఏరి నాలుగు వేసి ఉంటే ఇవాళ దాన్ని ఎవరూ తలుచుకునేవారు కాదని మాత్రం గట్టిగా అనగలను. ఇది అర్థమైనప్పట్నుంచి పొద్దుటి ఫోన్ల మీద నాకు కోపం తగ్గింది. నిద్ర మాత్రం రాదు.

కిందటి వారం 'చదవదగినవి' అన్నచోట ఆ సంచిక గురించే నాలుగు వాక్యాలు రాశాను. సోమవారం పొద్దున యాచారం నుంచి ఫోన్.

"సార్, ఆ మూడొందల యాభై నాలుగుల మా తాత పేరు ఉన్నదా?"

ఇంటిపేరు అడిగి, నా దగ్గరున్న ప్రతి తిరగేసి చూశాను. కనబడలేదని మెల్లగా చెప్పాను.

"మా తాత పద్యాలు రాస్తుండె సార్. గా పుస్తకంల ఎట్ల తప్పిపోయిండో ఏమో. పోనీ, వచ్చే సోమవారం మీ పేపర్ల ఒక సవరణ ఏయున్రి."