మౌసు ఆ పక్క ఉందంట!

ఒకే కీబోర్డు, ఒకే మౌసు, ఒకే తెర వచ్చేశాయి కాబట్టి ఇక కోయిలకుంట్లకు ఏ లోటూ లేదు. వెనక ఎన్ని కంప్యూటర్లున్నా సారు కుర్చీ దిగనక్కర్లేదంట. కుందూ పక్కనే ఉన్నా మా చేలు ఎండుతున్నది బల్లల మీద మౌసులు ఎక్కువైనందుకేనని ఇన్నాళ్లూ మాకు తెలియలేదు చూడండి.

ఒకే కీబోర్డు, తెర, మౌసుతో పలు కంప్యూటర్లను నడిపించే ఈ కేవీఎం స్విచ్ మహిమ మా దగ్గరి కార్యాలయం ఒకదానిలో కళ్లారా చూశాను. అరచేతిలో పట్టేంత నల్లపెట్టె, మూడు బటన్లు. పక్కన తెల్ల టేపు మీద పెన్నుతో 'భూమి', 'పింఛను', 'సర్టిఫికెట్' అని రాసి అతికించారు. స్క్రోల్ లాక్ రెండుసార్లు టకటకా నొక్కితే తెర ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి దూకుతుంది. మధ్యలో కాసేపు నల్లబడుతుంది. ఆ కాసేపట్లో తాను ఏ కంప్యూటరులో ఉన్నాడో ఆపరేటరు కుర్రాడికే గుర్తుండదు.

ఒక పెద్దాయన సర్వే నంబరు చెప్పాడు. కుర్రాడు తల ఎత్తకుండా కొట్టాడు. అది పోయి ఇంకెవరిదో పింఛను దరఖాస్తులో కూర్చుంది. చెరిపి వెనక్కి వచ్చేసరికి లాగిన్ గడువు తీరింది. పాస్‌వర్డు కొట్టాడు. అదీ దారి తప్పి, చుక్కలుగా దాక్కోకుండా, పెద్దాయన పేరుండాల్సిన గడిలో అక్షరం అక్షరం అచ్చయింది. కిటికీ దగ్గరున్న మాకందరికీ ఆఫీసు పాస్‌వర్డు కంఠతా వచ్చేసింది.

"నా పేరు ఎప్పుడు మార్చినావప్పా?" అన్నాడు పెద్దాయన.

"ఆగు పెద్దాయనా, మౌసు ఆ పక్క ఉంది" అన్నాడు కుర్రాడు. మౌసు అతని చేతిలోనే ఉంది.

చవక పెట్టెలకు ఇంకో రోగం కూడా ఉంది. తెర పక్కకు మళ్లగానే ఈ కంప్యూటరు తనకు మానిటరే లేదనుకుంటుంది. తిరిగొచ్చేసరికి అక్షరాలు లావెక్కి, పేజీలన్నీ ఒక మూలకు చేరి ఉంటాయి. వాటిని సర్దేలోపు భోజనాల వేళవుతుంది.

పెట్టె కూడా అక్కర్లేదు, మౌసును తెర అంచు దాటిస్తే పక్క కంప్యూటరులోకి వెళ్లే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2011లో, ఆపిల్ 2022లో జనానికి అందించాయి. ఆరిజోనాలో ఒకావిడ ఇంట్లో 90కి పైగా లాప్‌టాప్‌లు పెట్టుకుంటే ఉత్తర కొరియా వాళ్లు దూరం నుంచే అమెరికా కొలువులు వెలగబెట్టారు. ఆవిడకు 2025లో ఎనిమిదిన్నరేళ్ల జైలు పడింది. కుర్చీ దిగకుండా అన్నీ నడపడమంటే అదీ!

సర్వర్ గదిలో కేవీఎం పెట్టెకు నేను వంక పెట్టను. అక్కడ ముసలివాళ్లు వరుసలో నిలబడరు. ఇక్కడ నిలబడతారు. నా మంట అందుకే. 2017 డిసెంబరులో వెలగపూడిలో రాష్ట్రపతి రియల్ టైమ్ గవర్నెన్స్ (ఆర్టీజీఎస్) కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు రాష్ట్రమంతా గోడంత తెర మీదికి వస్తుందన్నారు. 2025 జనవరిలో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. రానీండి. కానీ పైన ఒక్క మీట నొక్కితే కింద అందరూ కదిలే ఏర్పాటు మీద ఉన్న మోజు, కిందివాడు అడిగితే ఒక్కరైనా బదులు చెప్పే ఏర్పాటు మీద ఎందుకు లేదు? కుర్చీలో ఉన్నవాడికి మెడనొప్పి తగ్గడమే అభివృద్ధా? కిటికీ బయట ఎండలో కాళ్లు పీకుతున్నవాళ్లు ఎవరి లెక్కలోకి వస్తారు?

1846లో పింఛను తగాదా ముదిరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా కోయిలకుంట్ల ఖజానా మీదే పడ్డాడు. ఆయనకు కనీసం ఎదురుగా తహశీల్దారనే మనిషి ఉన్నాడు. మనం ఎవరి మీద తిరగబడాలి? కుర్రాణ్ణి అడిగితే స్విచ్ అంటాడు, స్విచ్ పెట్టినవాణ్ణి అడిగితే సర్వర్ అంటాడు, సర్వర్ ఎక్కడుందో ఎవరూ అనరు.

కంప్యూటర్లు మూడు కాదు, ముప్పై తగిలించుకోండి. దారి తప్పిన సర్వే నంబరును దిద్దే బాధ్యత ఎవరిదో ఆ పేరు, ఫోన్ నంబరు మాత్రం గోడ మీద రాయండి. దానికి సుద్దముక్క చాలు, స్విచ్ అక్కర్లేదు.